పార్కింగ్ లాట్‌లో ఆగి ఉన్న కారు, డీడబ్ల్యూఐ (తాగి బండి నడిపిన) కేసు, ఇద్దరు లాయర్లు: మా అనుభవంతో రివ్యూ

మొదటి లాయర్‌కి ఐదుకి ఒకటి, రెండో లాయర్‌కి ఐదుకి నాలుగున్నర. పేర్లు రాయడం లేదు. మొదటాయన సంగతి నా వైపు నుంచి మాత్రమే చెప్తున్నాను, ఆయన మాట ఇక్కడ లేదు కాబట్టి పేరు పెట్టడం పద్ధతి కాదు. రెండో ఆవిడ పేరు పెట్టొద్దని మా తమ్ముడే అడిగాడు, ఆ పేరు పట్టుకుని వెతికితే తన కేసు బయటపడుతుందని వాడి భయం. పేరు లేని రివ్యూ ఎందుకంటారా, న్యూజెర్సీలో మన తెలుగువాళ్ళ ఇళ్ళలో ఇలాంటి కేసు పడితే ఎవరూ నోరు విప్పరు, పరువు పోతుందని దాచుకుంటారు, దాచుకుని వాట్సాప్ గ్రూపులో ఎవరో ఇచ్చిన నంబర్‌కి ఫోన్ చేసి డబ్బు కట్టేస్తారు. మేమూ అదే చేశాం. అందుకే రాస్తున్నాను.

ఇది తాగి బండి నడిపేవాళ్ళని వెనకేసుకొచ్చే రాత కాదు. మా తమ్ముడు ఆ రాత్రి కారు ఒక్క అడుగు కూడా కదపలేదు. అయినా కేసు పడింది, పడటానికి చట్టంలో దారి ఉంది కాబట్టే పడింది. ఆ దారి ఏంటో మాకు చెప్పిన లాయర్‌కీ, చెప్పని లాయర్‌కీ ఉన్న తేడానే ఈ రివ్యూ.

జరిగింది ఇది. పోయిన ఏడాది జనవరిలో వాడి రూమ్మేట్‌కి ఐ-140 (గ్రీన్‌కార్డ్ దారిలో ఒక పిటిషన్) అప్రూవ్ అయిందని ఏడుగురు కలిసి మిడిల్‌సెక్స్ కౌంటీలో ఒక ఇండియన్ రెస్టారెంట్‌కి వెళ్ళారు. వాడు ఆఫీసు నుంచి నేరుగా ఏడింటికి చేరుకుని రెస్టారెంట్ వెనక లాట్‌లో కారు పెట్టాడు. అది ఆ షాపుల వరసకి చెందిన ప్రైవేట్ లాట్, రోడ్డు కాదు. రాత్రి 11:41కి యాప్‌లో రైడ్ బుక్ చేసుకున్నాడు, కారు అక్కడే వదిలేసి పొద్దున వచ్చి తీసుకుందామని. మిగతావాళ్ళు వెళ్ళిపోయారు, రెస్టారెంట్ మూసే టైమైంది, బయట చలి పదిహేను డిగ్రీల ఫారెన్‌హీట్. రైడ్ ఇరవై నిమిషాలు పడుతుందని చూపించింది. వాడు డ్రైవర్ సీట్లో కూర్చుని కారు స్టార్ట్ చేసి, హీటర్ పెట్టి, దిగి, చుట్టూ తిరిగి వచ్చి పక్క సీట్లో కూర్చున్నాడు, సీటు వెనక్కి వాల్చుకున్నాడు, నిద్రపోయాడు. రైడ్ డ్రైవర్ మధ్యలో క్యాన్సిల్ చేశాడు, ఫోన్ సైలెంట్‌లో ఉంది. పన్నెండున్నరకి పోలీసు టార్చి వేసి అద్దం మీద కొట్టేదాకా వాడికి మెలకువ రాలేదు.

అక్కడి నుంచి అంతా పద్ధతి ప్రకారమే నడిచింది. పెన్ను వెంట కళ్ళు తిప్పమనడం, గీత మీద నడవమనడం, ఒంటికాలి మీద నిలబడమనడం. స్టేషన్‌లో ఇరవై నిమిషాలు కూర్చోబెట్టి, చూస్తూ ఉండి, ఆల్కోటెస్ట్ మెషీన్‌లో రెండుసార్లు ఊదించారు. 0.09 వచ్చింది. రక్తంలో ఆల్కహాల్ శాతం అది, ఇక్కడ లిమిట్ 0.08. పోలీసులు దురుసుగా ప్రవర్తించారని నేను చెప్పను, తమ్ముడూ చెప్పలేదు.

తెల్లవారుజామున మూడున్నరకి నేనూ మా ఆయనా వెళ్ళాం. నాతో ఒక కాగితం మీద సంతకం పెట్టించుకున్నారు: ఇతన్ని మీకు అప్పగిస్తున్నాం, మత్తు దిగకముందే మీరు బండి ఇచ్చి నడపనిస్తే మీ మీదా బాధ్యత ఉంటుంది అని. కారు పన్నెండు గంటలు గడిచేదాకా ఇవ్వరట. అప్పుడు నాకు ఒళ్ళు మండింది, కదలని కారుకి ఇంత తతంగమా అని. తర్వాత చదివితే తెలిసింది ఆ కాగితం వెనక జాన్ ఇలియట్ అనే నేవీ కుర్రాడు ఉన్నాడని. 2000 జులైలో, తాగి అరెస్టయిన మనిషిని స్నేహితుడు స్టేషన్ నుంచి తీసుకొచ్చి మళ్ళీ కారు దగ్గరే వదిలేస్తే, అతను వెళ్ళి జాన్ కారుని గుద్దాడు, ఇద్దరూ పోయారు. ఆ తల్లిదండ్రులు పోరాడి తెచ్చిన చట్టం అది. చదివాక ఆ సంతకం మీద కోపం పోయింది నాకు.

ఇక మొదటి లాయర్. గ్రూపులో ఇచ్చిన నంబర్, చాలామంది ఇండియన్స్ వెళ్తారని చెప్పారు. పది నిమిషాల ఫోన్ కాల్. "కారు ప్రైవేట్ ప్రాపర్టీలో ఉంది, కదల్లేదు, మీ వాడు పక్క సీట్లో ఉన్నాడు, కేసే లేదమ్మా, నూటికి నూరు శాతం కొట్టేస్తారు" అన్నాడు. ఆ మాట వినగానే గుండె మీద బరువు దిగినట్టయింది, వెంటనే 2,500 డాలర్లు కట్టేశాం. ఇప్పుడు ఎవరైనా నన్ను సలహా అడిగితే మొదట చెప్పేది ఇదే, ఫలితం ఖాయమని మాట ఇచ్చేవాళ్ళ దగ్గర ఫోన్ అక్కడే పెట్టేయండి.

ఎందుకంటే ఆయన చెప్పిన మొదటి కారణం న్యూజెర్సీలో పనికొచ్చే కారణమే కాదు. ఇక్కడి డీడబ్ల్యూఐ చట్టం, 39:4-50 అంటారు, మత్తులో మోటారు వాహనం "ఆపరేట్" చేస్తే నేరం అంటుంది. పబ్లిక్ రోడ్డు మీద అన్న మాట ఆ వాక్యంలో లేదు. కాబట్టి లాట్ ఎవరిదన్నది మనల్ని కాపాడదు. రెండోది, "డ్రైవ్" అనలేదు, "ఆపరేట్" అంది. కదలకుండా కూడా ఆపరేట్ చేసినట్టు కావచ్చు. ఈ రెండు ముక్కలు ఆయనకి తెలియవని నేననుకోను. చెప్పలేదు, అంతే.

తర్వాత మూడు వారాలు ఆయన అసిస్టెంట్ తప్ప ఆయన దొరకలేదు. డిస్కవరీ కాగితాలు (ప్రాసిక్యూటర్ ఇవ్వాల్సిన ఆధారాలు) వస్తాయి, వెయిట్ చేయండి. బాడీ క్యామ్ వీడియో వచ్చాక చూద్దాం. రెస్టారెంట్ వెనక కెమెరా ఉందని తమ్ముడు రెండుసార్లు మెయిల్ పెట్టాడు, జవాబు లేదు. వీసా ఏంటి అని ఒక్కసారి కూడా అడగలేదు. మూడో వారం చివర్లో తమ్ముడికి కాన్సులేట్ నుంచి మెయిల్ వచ్చింది, నీ వీసా రద్దు చేశాం అని. కోర్టులో ఇంకా ఒక్క వాయిదా కూడా కాలేదు! వాడు వణికిపోతూ ఫోన్ చేశాడు, "అక్కా, నన్ను పంపించేస్తారా" అని. లాయర్‌కి ఫోన్ చేస్తే "అది ఇమిగ్రేషన్ విషయం, నాకు సంబంధం లేదు" అన్నాడు. ఆ మరుసటి రోజే ఆయన చెప్పింది వింటే ఇప్పటికీ కడుపు రగిలిపోతుంది: "మొదటిసారి కదా, 0.09 కదా, గిల్టీ ఒప్పేసుకుంటే మూడు నెలల ఇంటర్‌లాక్‌తో పోతుంది, ఎందుకు లాగడం?" నూరు శాతం కొట్టేస్తారన్న మనిషే.

మూడు నెలలతో పోయేది కాదది. కారులో ఇంటర్‌లాక్ అనే ఊదే పరికరం పెట్టించేదాకా లైసెన్స్ ఆగిపోతుంది, పెట్టించాక మూడు నెలలు ఊదితేనే కారు స్టార్ట్ అవుతుంది, 250 నుంచి 400 దాకా జరిమానా, ఆల్కహాల్ క్లాసులు కనీసం పన్నెండు గంటలు, మూడేళ్ళ పాటు ఏడాదికి వెయ్యి డాలర్లు సర్‌ఛార్జి, ముప్ఫై రోజుల దాకా జైలు వేసే అధికారం కూడా జడ్జికి ఉంది. పైగా న్యూజెర్సీలో ఇది క్రైమ్ కింద రాదు, ట్రాఫిక్ నేరమే, మంచిదే అనిపిస్తుంది, కానీ అందువల్లే జ్యూరీ ఉండదు, మున్సిపల్ కోర్టులో ఒక్క జడ్జే తేలుస్తారు, తర్వాత రికార్డు నుంచి చెరిపేయించుకోవడానికీ వీలుండదు. డ్రైవింగ్ రికార్డు మీద జీవితాంతం ఉంటుంది. ఇవన్నీ నేను రెండో లాయర్ దగ్గర రాసుకున్న నోట్స్ లోవి, మొదటాయన ఒక్కటీ చెప్పలేదు.

ఆ రాత్రే వేరే లాయర్‌ని వెతకడం మొదలుపెట్టాం. నలుగురితో మాట్లాడాం. ముగ్గురు "కారు కదిలిందా" అని మొదలుపెట్టారు. ఈవిడ ఒక్కతే "ఆ రాత్రి ఇంటికి ఎలా వెళ్దామనుకున్నావు?" అని అడిగింది. తమ్ముడు రైడ్ బుక్ చేశానని చెప్పాడు. యాప్‌లో ఆ రికార్డు ఇప్పుడే స్క్రీన్‌షాట్ తీయి, ఈమెయిల్ రసీదు ఉంటే డిలీట్ చేయకు అంది. రెండో ప్రశ్న, "వీసా ఏంటి?" మూడో ప్రశ్న, "కెమెరాలు ఉన్నాయా, ఎన్నాళ్ళ రికార్డింగ్ ఉంచుతారు?" మాకు తెలియదన్నాం. ఫోన్ లైన్‌లో ఉంచే రెస్టారెంట్‌కి ఇంకో ఫోన్ నుంచి కాల్ చేయించింది. ముప్ఫై రోజులు ఉంటుందని, ఆ తర్వాత దాని మీదే కొత్తది రికార్డవుతుందని చెప్పారు. ఆ రోజు ఇరవై ఆరో రోజు.

మర్నాడు మధ్యాహ్నానికల్లా ఆవిడ మనిషి వెళ్ళి రెస్టారెంట్ ఓనర్ గారికి వీడియో భద్రపరచమని ఉత్తరం ఇచ్చి, కాపీ తీసుకొచ్చాడు. ఓనర్ గారు కోర్టు, పోలీసు అనగానే ముందు కాస్త తటపటాయించారట, తర్వాత తానే కూర్చుని ఆ టైమ్ వెతికి ఇచ్చారు. ఇంకో నాలుగు రోజులు ఆలస్యమైతే మా చేతిలో ఏమీ ఉండేది కాదు. ఆ మొదటి మూడు వారాల గురించి తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు.

వీడియో ఆవిడ ఆఫీసులో చూశాం. ఏడు దాటి ఐదు నిమిషాలకి కారు వచ్చి ఆగడం, ఆ తర్వాత పోలీసు వచ్చేదాకా చక్రం తిరగకపోవడం, 11:48కి తమ్ముడు డ్రైవర్ సీట్లోకి ఎక్కడం, పొగ రావడం, నిమిషంలోపే దిగి ముందు నుంచి తిరిగి పక్క సీట్లోకి వెళ్ళడం. మేము ఎగిరి గంతేయబోయాం, చూశారా కదల్లేదు అని. ఆవిడ ఆపింది. "ఇందులో మీకు మేలు చేసేదీ ఉంది, కీడు చేసేదీ ఉంది, రెండూ వినండి" అని గంటసేపు కూర్చోబెట్టి చెప్పింది.

మేలు చేసేది: 1973లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు డేలీ కేసులో, బార్ పార్కింగ్ లాట్‌లో ఇంజిన్ ఆన్ చేసుకుని సీటు వాల్చి పడుకున్న మనిషికి శిక్ష కొట్టేసింది. చలికి హీటర్ కోసం వేసుకున్నానన్నాడు, నడిపే ఉద్దేశం ఉందని ప్రభుత్వం నిరూపించలేకపోయింది. అంటే ఉద్దేశం ముఖ్యం. కీడు చేసేది: 1987లో అదే కోర్టు మల్కాహీ కేసులో, తాగి వచ్చి నడిపే ఉద్దేశంతో తాళం పెట్టబోయినా చాలు, అది ఆపరేట్ చేయడమే అంది. ఇంకా దగ్గరది, 2020లో అప్పీల్ కోర్టు థాంప్సన్ కేసులో, స్టోర్ పార్కింగ్ లాట్‌లో ఇంజిన్ ఆన్‌లో పెట్టి స్టీరింగ్ ముందు నిద్రపోతున్న మనిషిది ఆపరేషనే అని తేల్చింది. "మీ వాడు డ్రైవర్ సీట్లో అలాగే నిద్రపోయి ఉంటే నేను ఈ కేసులో మీకు వేరే సలహా ఇచ్చేదాన్ని" అంది. స్టార్ట్ చేసి దిగి, పక్క సీట్లోకి నడిచి వెళ్ళిన ఆ ఏడెనిమిది అడుగులు, దానికి ముందు బుక్ చేసిన రైడ్, ఈ రెండూ కలిపితేనే నడిపే ఉద్దేశం లేదని చెప్పగలం, ఒక్కటి తగ్గినా కష్టమే అని స్పష్టంగా చెప్పింది. నూరు శాతం అన్న మాట ఆవిడ నోట ఒక్కసారీ రాలేదు.

తర్వాత తమ్ముడి వైపు తిరిగి ఒక ప్రశ్న వేసింది. "రెండింటికి నీకే మెలకువ వచ్చిందనుకో. రైడ్ క్యాన్సిల్ అయింది, ఇంకో రైడ్ దొరకడం లేదు, ఇంజిన్ ఆన్‌లోనే ఉంది, ఇల్లు నాలుగు మైళ్ళు. ఏం చేసేవాడివి?" వాడు చాలాసేపు మాట్లాడలేదు. నేను వాడి మొహం చూడలేక టేబుల్ వైపు చూశాను. "తెలియదు" అన్నాడు. ఆవిడ తిట్టలేదు, ప్రాసిక్యూటర్ అడిగేది సరిగ్గా ఇదే, ఆగి ఉన్న కారు మీద కేసులు పెట్టేది కూడా దీనికే అంది. ఇంటికొచ్చేటప్పుడు కారులో ముగ్గురం ఏమీ మాట్లాడుకోలేదు.

ఖమ్మంలో ఉన్న మా అమ్మకి ఇదంతా అర్థం చేయించడం ఇంకో కష్టం. "కదలని బండికి కేసేంట్రా, అక్కడ న్యాయం లేదా" అని ఒకటే బాధ. అమ్మ అడిగింది మన చట్టం లెక్క ప్రకారం సబబే. మన మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ నడపడం గురించి, నడపబోవడం గురించి మాట్లాడుతుంది. లిమిట్ మాత్రం మనదే కఠినం, వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, ఇక్కడ 80. మన దగ్గర తాగే విషయంలో గీత కిందకి ఉంది, ఇక్కడ కారు దగ్గరకి వెళ్ళే విషయంలో గీత ముందుకి ఉంది. హైదరాబాద్ అలవాటుతో "కాసేపు కారులో పడుకుని మత్తు దిగాక పోదాం" అనుకునే మన పిల్లలకి ఇక్కడ దెబ్బ తగిలేది ఇక్కడే, అదే జాగ్రత్త అనుకుంటారు పాపం.

వేరే స్టేట్స్‌లో ఉన్నవాళ్ళు న్యూజెర్సీ సంగతి మాకెందుకనుకోవద్దు, ఒక్కో చోట ఒక్కో లెక్క. కాలిఫోర్నియాలో 1991లో అక్కడి సుప్రీంకోర్టు మెర్సర్ కేసులో బండి కదిలి ఉంటేనే డ్రైవింగ్ అంది, కదలకపోతే డీయూఐ (డీడబ్ల్యూఐకే ఇంకో పేరు) నిలబడటం కష్టం, అలాగని ఇంకే కేసూ పెట్టరని కాదు. వాషింగ్టన్‌లో నడపకపోయినా బండి అదుపులో ఉంటే "ఫిజికల్ కంట్రోల్" అని వేరే నేరమే ఉంది, పోలీసులు వెంటపడకముందే బండిని రోడ్డు నుంచి సురక్షితంగా పక్కకి తీసి ఉంటే అది వాదనగా చెప్పుకోవచ్చని చట్టంలోనే రాశారు. మిన్నెసోటాలో 2010లో వచ్చిన ఫ్లెక్ తీర్పు చదివి నాకు చలి పుట్టింది: తన అపార్ట్‌మెంట్ లాట్‌లో, ఇంజిన్ చల్లగా ఉన్న సొంత కారులో నిద్రపోతున్నాడు, తాళాలు పక్కన కన్సోల్‌లో ఉన్నాయి, అయినా శిక్ష నిలిచింది, తర్వాత పోలీసులు ప్రయత్నిస్తే ఆ కారు అసలు స్టార్టే కాలేదు! మిషిగన్‌లో 2017లో ఇంకో తీర్పు, సొంత ఇంటి డ్రైవ్‌వే కూడా బండ్లు వెళ్ళగలిగే చోటే కాబట్టి చట్టం వర్తిస్తుందని. నా ఇల్లు, నా స్థలం అన్న ధీమా అక్కడా పనికిరాలేదు. అందుకే మీ స్టేట్ చట్టంలో "డ్రైవ్" అని ఉందా, "ఆపరేట్" అని ఉందా, "ఫిజికల్ కంట్రోల్" అని ఉందా అన్నది లాయర్‌ని మొదటి కాల్‌లోనే అడగండి. సూటిగా చెప్పలేకపోతే ఇంకో నంబర్ చూడండి.

వీసా విషయం విడిగా రాయాలి, మనవాళ్ళకి అసలు టెన్షన్ అదే. ఆవిడ మొదటి వారంలోనే ఒక ఇమిగ్రేషన్ లాయర్‌ని లైన్‌లోకి తెచ్చింది, ఆయన కన్సల్టేషన్‌కి 300 తీసుకున్నాడు, ముగ్గురూ కలిసి మాట్లాడుకున్నారు. మాకు అర్థమైంది ఇది: 2015 నుంచి డీయూఐ అరెస్టు ఉంటే చాలు, శిక్ష పడకపోయినా వీసా రద్దు చేసే పద్ధతి ఉంది. కారు కదిలిందా లేదా అన్నది అక్కడ ఎవరూ చూడరు. కానీ రద్దయ్యేది పాస్‌పోర్ట్‌లో ఉన్న స్టాంప్ మాత్రమే, ఇక్కడ ఉండే హక్కు ఐ-94 (దేశంలోకి వచ్చినప్పటి రికార్డు) మీద, ఐ-797 (ఇమిగ్రేషన్ వాళ్ళ అప్రూవల్ నోటీసు) మీద నడుస్తుంది. ఉద్యోగం చేసుకోవచ్చు, దేశం దాటితే మాత్రం మళ్ళీ స్టాంపింగ్, మెడికల్ పరీక్ష, ఫారంలో అరెస్టయ్యారా అన్న ప్రశ్నకి అవునని నిజం చెప్పడం. కేసు కొట్టేసినా ఆ ప్రశ్నకి జవాబు అవుననే ఉంటుంది, దాచొద్దు అని ఇద్దరూ గట్టిగా చెప్పారు. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద ఉన్న పిల్లలు ఇంకా జాగ్రత్తగా ఉండాలన్నారు, 2025లో చిన్న చిన్న పోలీస్ రికార్డులు ఉన్న స్టూడెంట్స్‌కి కూడా సెవిస్ రికార్డులు (విదేశీ విద్యార్థుల మీద ప్రభుత్వం ఉంచే రికార్డులు) ఆగిపోయిన సంగతి అందరికీ గుర్తుంది.

కేసు నడుస్తున్న ఆ మార్చికి మా నాన్న పోయి ఏడాది. తమ్ముడు ఒక్కడే కొడుకు. టికెట్ డిసెంబర్‌లోనే కొన్నాడు. వెళ్తే తిరిగి రావడం ఎప్పుడో తెలియదని ఇద్దరు లాయర్లూ చెప్పాక క్యాన్సిల్ చేసుకున్నాడు. సంవత్సరీకం మా పెదనాన్న కొడుకు పెట్టాడు. వీడు ఇక్కడ రాత్రంతా వీడియో కాల్‌లో కూర్చుని చూశాడు. దీనికి ఏ లాయరూ చేయగలిగింది లేదు.

కోర్టు సంగతికొస్తే, డీడబ్ల్యూఐ కేసులు అరవై రోజుల్లో తేల్చాలని ఇక్కడ ఒక లక్ష్యం ఉంటుంది, మాది నాలుగు నెలలు పట్టింది. న్యూజెర్సీలో ఎన్నో ఏళ్ళు డీడబ్ల్యూఐలో ప్లీ బేరానికి (చిన్న నేరం ఒప్పుకుని పెద్దది తీయించుకోవడానికి) వీల్లేదు, 2024లో చట్టం మారి ఇప్పుడు కుదురుతుంది. ప్రాసిక్యూటర్ రెక్‌లెస్ డ్రైవింగ్‌కి తగ్గిస్తానన్నాడు. ఆవిడ ఒప్పుకోమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఒప్పుకుంటే ఏమవుతుంది, ట్రయల్‌కి వెళ్ళి ఓడిపోతే ఏమవుతుంది, వీసా లెక్కలో రెండిటికీ తేడా ఏంటి అని ఒక పేజీలో రాసిచ్చి రెండు రోజులు టైమిచ్చింది. తమ్ముడు వద్దన్నాడు. ట్రయల్ రోజు రెస్టారెంట్‌లో ఆ రాత్రి షట్టర్ వేసిన అబ్బాయి సాక్షిగా వచ్చి బయట బెంచీ మీద కూర్చున్నాడు, పని మానుకుని వచ్చాడు, ఆ అబ్బాయి రుణం తీర్చుకోలేం. ఆవిడ ప్రాసిక్యూటర్‌కి వీడియో, రైడ్ రికార్డు, పక్క సీట్లో నిద్రపోతున్నట్టు కనిపించే పోలీసుల బాడీ క్యామ్ క్లిప్ వరసగా చూపించింది. గంట తర్వాత ప్రాసిక్యూటర్ లేచి, ఆపరేట్ చేశాడని సందేహం లేకుండా నిరూపించలేనని జడ్జికి చెప్పాడు. జడ్జి ఆ కారణం రికార్డు చేసి కేసు కొట్టేశారు. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. తమ్ముడు బయటికొచ్చి గోడకి ఆనుకుని ఏడ్చేశాడు.

ఖర్చు: ఆవిడ ఫీజు 4,500, అది ఎన్ని వాయిదాలైనా ట్రయల్ దాకా కలిపి, రాతపూర్వకంగా. వీడియో తెచ్చిన మనిషికి 400. ఆల్కోటెస్ట్ కాగితాలు చూడటానికి నిపుణుడి కోసం 1,500 డిపాజిట్ తీసుకుంది, ఆ 0.09 మీద అంత గట్టిగా పోరాడక్కర్లేదని తేలాక 1,100 వెనక్కి ఇచ్చేసింది, మేము అడగలేదు. మొదటాయన 2,500లో ఒక్క డాలర్ తిరిగి రాలేదు. ఆయన నుంచి ఫైలు ఆవిడకి చేరడానికే పదకొండు రోజులు పట్టింది, అందులో ఉన్నది సమన్లు, మా చెక్కు కాపీ.

సగం స్టార్ ఎందుకు తీశానంటే, ఆవిడ పగలు ఫోన్ ఎత్తదు. కోర్టులో ఉంటుందని తెలుసు, కానీ వీసా మెయిల్ లాంటిది వచ్చిన రోజు సాయంత్రం ఏడు దాకా ఎదురుచూడటం నరకం. పగలు జవాబు చెప్పే మనిషిని ఒకరిని పెట్టుకుంటే బాగుంటుందని ఆవిడకే చెప్పాను. ఇంకోటి, మాటలు చాలా వేగం. మొదటి మీటింగ్‌లో నాకు సగం అర్థం కాలేదు, మళ్ళీ అడిగితే మాత్రం విసుక్కోకుండా చెప్పింది.

ఇప్పుడు తమ్ముడు స్టాంపింగ్‌కి ఇండియా వెళ్ళే ఏర్పాట్లలో ఉన్నాడు. కేసు ముగిసి నెలలైనా ఆవిడే కోర్టు నుంచి కేసు కొట్టేసినట్టున్న సర్టిఫైడ్ కాపీలు మూడు తెప్పించి పంపింది. ఒకటి ఇంటర్వ్యూ ఫైల్లో పెట్టుకున్నాడు, ఒకటి నా దగ్గర ఉంది, మూడోది ఖమ్మంలో అమ్మకి పంపాడు.